రంగక్క ద్వారబంధం

మా హొన్నూరప్పకు ఒక పాడు అలవాటు ఉంది. ఎవరింటికి పోయినా ముందు తలుపు వాసన చూస్తాడు, మనుషులను పలకరించేది ఆ తరవాతే. పెళ్లిచూపుల్లో కూడా పిల్లను చూడకముందే "టేకు కాదు, వేప" అన్నాడట. అయినా ఆ పిల్ల ఒప్పుకుంది. ఆమె ఓపికకు దండం పెట్టాలి.

వడ్రంగం తండ్రి నేర్పిన పని. ఊళ్లలోకి ఇనుప తలుపులు, ప్లాస్టిక్ తలుపులు వచ్చాక ఉలులన్నీ గోనెసంచిలో పడ్డాయి. ఇతను బలసముద్రం సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగే కూలికి చేరాడు. నేనూ ఆ పనే. అద్దాలకు వాసన ఉండదని రోజూ నా దగ్గర ఏడ్చేవాడు. వినలేక చచ్చేవాణ్ణి.

అలాంటివాడికి నిడుగల్లు నుంచి కబురొచ్చింది. కోట కింద రంగక్క వాళ్లది తాతలనాటి ఇల్లు, బాగు చేయిస్తున్నారు. పండగ పండగకూ పూసిన రంగుల కింద ద్వారబంధం ఏ కొయ్యో కూడా తెలియడం లేదు. ఆ రంగంతా తీసి నూనె పట్టించాలి. ఇది నచ్చితే లోపలి స్తంభాల పనీ అతనికే. నచ్చకపోతే మళ్లీ ప్యానెళ్ల దగ్గరికే. సాయానికి నన్నూ లాక్కుపోయాడు.

రంగక్క ఒకటే షరతు పెట్టింది. ద్వారబంధం నడినెత్తిన లక్ష్మి బొమ్మ ఉంది. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె ప్రతి శుక్రవారం పీటెక్కి దానికి బొట్టు పెట్టి, తన కష్టసుఖాలు చెప్పుకుంటుంది.

"అమ్మకు గీత పడితే నిన్ను ఊరు దాటనీనప్పా" అంది.

రంగు ఊడగొట్టే మందు పూశాం. నీలం పొంగి ఊడింది. కింద పచ్చ, దాని కింద ఇంకో నీలం. హొన్నూరప్ప పాడుతూ గీకుతున్నాడు. బొమ్మ దగ్గరికి రాగానే పళ్లు తోమే బ్రష్షు తీశాడు. అమ్మ చేతిలో తామరపువ్వు అనుకున్నదాని మీది రంగు వదిలింది. చూస్తే అది కొయ్య సుత్తి. రెండో చేతిలో ఉలి. ముఖం మీద పొర ఊడింది. అమ్మవారికి మీసాలు.

నాకు నవ్వు ఆగలేదు. నేను పట్టుకున్న పీట ఊగింది.

"నగొద్దురా, నా పని పోతాది" అంటూనే పీట మీద అతనూ నవ్వుతున్నాడు. "ఈ వాకిలి చేసినాయనరా ఇది. తన బొమ్మ తానే చెక్కుకున్నాడు."

మళ్లీ రంగు పూసేద్దామన్నాను. పని పోతుందని భయమున్నా ఒప్పుకోలేదు. "ఇంత మంచి మీసం ఎట్ల మూసేది" అన్నాడు.

ఇంతలో రంగక్క వచ్చి తలెత్తి చూసింది.

"ఎవరప్పా ఈయన?"

"నా మాదిరి వడ్లాయనక్కా. ఈ వాకిలి చేసినాయన."

రంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడింది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది. "మా ఆయన మీద చెప్పిన చాడీలన్నీ ఈ మీసాలాయనా ఇన్నింది" అని నవ్వీ నవ్వీ దగ్గింది. "ఒక్క మాట బయట పెట్టలే, మంచోడే."

లోపలి నుంచి ఆమె మొగుడు దొడ్డన్న గొంతు వినిపించింది. "ఏం చాడీలే?"

ఆమె కొంగు ఇంకాస్త నోట్లో కుక్కుకుంది.

శుక్రవారానికి నూనె తాగిన కొయ్య ఎర్రగా మెరిసింది. రంగక్క పీటెక్కి మీసాలాయనకు ఎప్పటిలాగే బొట్టు పెట్టింది. దిగి, వేలికి మిగిలిన కుంకుమ హొన్నూరప్ప నుదుటికి అద్దింది.

"ఆయనెవరో తెలీకుండానే పెడితి ఇన్నాళ్లూ. నీకు తెలిసే పెడుతుండా. రేపట్నుంచి స్తంభాలు చూడప్పా."

హొన్నూరప్ప కళ్లు తుడుచుకుంటూ స్తంభం దగ్గరికి పోయి వాసన చూశాడు.