బాపమ్మ ముక్కుపుల్ల, గుప్పెడు దొడ్డుప్పు

మేం చదువుకున్న కాలంలో ప్రయోగశాలలో సామాను లేకపోతే దానికీ ఒక పద్ధతి ఉండేది. ముందు సారును అడగాలి, తరువాత క్లర్కును అడగాలి, ఇద్దరూ లేదంటే దేవుణ్ణి అడగాలి. నేను ఆ ముగ్గురినీ అడిగి, చివరికి మా బాపమ్మను అడిగాను. (బాపును, అంటే నాన్నను, కన్న తల్లి గనుక బాపమ్మ. ఆమెకు చదువు రాదు గానీ, మా ఇంట్లో ఎవరికి ఏది కావాలన్నా చివరి దస్తకతు, అంటే సంతకం, ఆమెదే.) ఆ అడగడం వల్ల ఆమె ముక్కు బోసిపోయింది, నా పరువు సగం పోయింది, రెండూ మళ్లీ ఎట్లా వచ్చాయో చెబుతాను.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. మాది ఆదిలాబాద్ దగ్గరి పల్లె, ఇంటి గుమ్మం దాటితే పత్తి చేలే. పత్తికి కొట్టే మందు వాన నీళ్లతో బావుల్లోకి దిగుతుందేమోనని మా బాపుకు ఎప్పుడూ అనుమానం. ఆ అనుమానాన్నే నేను ప్రాజెక్టు చేసుకున్నాను. బంగారాన్ని కంటికి కనబడనంత సన్నటి రేణువులుగా నీళ్లలో తేలేటట్టు చేస్తే ఆ నీళ్లు పచ్చగా ఉండవు, దానిమ్మ గింజల రసంలా ఎర్రగా ఉంటాయి. అందులో గంధకం ఉన్న పత్తి మందు కలిసిన నీళ్లు పోస్తే రేణువులు ఒకదానికొకటి అంటుకుని రంగు నీలానికి తిరుగుతుంది. పెద్ద మిషన్లు అక్కర లేదు, కళ్లుంటే చాలు. పుస్తకంలో చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. తీరా చూస్తే బంగారపు ఉప్పు ఉన్న చిన్న సీసా కోసం కాలేజీ రాసిన ఉత్తరానికి ఆరు నెలలైనా జవాబు లేదు.

మా ప్రాజెక్టు సారును మేం చుక్క సారు అనేవాళ్లం. ఏ పని చెప్పినా "ఒక్క చుక్కమ్మా, ఒక్క చుక్క" అనడం ఆయన అలవాటు. ఆయనే ఒకనాడు నెమ్మదిగా, "సబ్బుల మీద ప్రాజెక్టు చేసుకోమ్మా, సబ్బులు బజార్లో దొరుకుతాయి" అన్నాడు. ఆ మాట మోసుకుని దసరా సెలవులకు ఇంటికి పోయి, బాపమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.

"గింత బంగారం కోసం గంత ఏడుపా? ఎంత గావాలె?" అంది బాపమ్మ.

"గురిగింజెత్తు ఉంటే లీటరు నీళ్లయితయి."

బాపమ్మ చెయ్యి ముక్కు మీదికి తీసుకుపోయింది. అది ఆమెకు ఏడేళ్ల వయసులో తల్లిగారు పెట్టిన ముక్కుపుల్ల. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, అది లేకుండా ఆమె ముఖం ఎట్లా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తిప్పి, లాగి, నా అరచేతిలో పెట్టింది.

"ఇది మా అవ్వ పెట్టింది బిడ్డా. నీ పని అయినంక మల్ల నాకు తెచ్చియ్యాలె. బోడి ముక్కుతోని పైకి పోతే మా అవ్వ గుర్తు పట్టది."

"తప్పకుండ తెస్త బాపమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను. నీళ్లలో కలిపిన బంగారాన్ని మళ్లీ ఎట్లా తీయాలో నాకు అప్పటికి తెలియదు. అడగాలని కూడా తోచలేదు. (ఇరవై రెండేళ్ల వయసులో మాట ఇవ్వడం ఎంత తేలికో!) ఆమె మాత్రం పట్టు పట్టి, చీపురు పుల్లను గోరంత విరిచి ముక్కు రంధ్రంలో పెట్టుకుంది. ఎందుకంటే, "తొర్ర పూడిపోతె మల్ల గుచ్చాలె గద" అంది. నా మాట మీద ఆమెకు అంత నమ్మకం.

కరీంనగర్‌లో ఒక అవుసలాయన, అంటే బంగారం పని చేసే ముసలాయన, ముక్కుపుల్లలోని రాగి తీసేసి శుద్ధమైన బంగారం చేతిలో పెట్టాడు. చుక్క సారు దాన్ని తేజాబులో, అంటే ఘాటైన ఆమ్లాల మిశ్రమంలో, కరిగించాడు. నిప్పు మీద మరుగుతున్న నీళ్లలో ఆ ద్రావణం పోసి, నిమ్మ ఉప్పుకు చుట్టమైన ఒక తెల్ల పొడి కలిపాం. లేత పసుపు పోయింది, కాసేపు రంగే లేదు, తరువాత మసిబారింది. అంతలో మసిలోంచి ఎరుపు లేచింది. సారు చుక్క మాట మరిచి "అబ్బా!" అన్నాడు. నాలుగు నెలలు ఆ ఎర్ర నీళ్లను చుక్కలు చుక్కలుగా వాడి, మా ఊరి బావులన్నీ పరీక్షించాను. మా బావి నీళ్లకు రంగు మారలేదు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే బాపు ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ఇక వైవా. హైదరాబాద్ నుంచి పరీక్ష సారు వస్తాడు, ఆయన ముందు రంగు మార్చి చూపాలి. ముందు రోజు మిగిలిన ఎర్ర నీళ్లన్నీ పెద్ద గాజుసీసాలో పోసి నా కిరాయి గదికి తెచ్చుకున్నాను. (ల్యాబులో ఎలుకలున్నాయని తెచ్చాను. ఎలుకలే నయం.) అదే రోజు బాపమ్మ సగం రోజు బస్సులో కూచుని దిగింది. "నా బంగారం ఎట్లున్నదో జర చూసిపోత" అంటూ. సీసా చూపిస్తే ఎంతసేపు చూసిందో! తరువాత ఇంటి ఓనరమ్మ వచ్చి చూసింది, పై పోర్షన్ వాళ్లు వచ్చి చూశారు. "ఎంత మంచి రంగు! బంగారమా గిది? నిజంగ?" అని ముక్కున వేలేసుకున్నారు. నేను మురిసిపోయి, రిపోర్టుకు బైండింగు చేయించడానికి బజారుకు పోయాను.

గంట తరువాత వచ్చేసరికి సీసాలో ఎరుపు లేదు. బట్టలకు నీలిమందు కలిపిన బకెట్ లాగా నల్ల నీలం నీళ్లున్నాయి. బాపమ్మ మంచం మీద నిండుగా నవ్వుతూ కూచుని ఉంది.

"ఏమైంది బాపమ్మా దీనికి?"

"దిష్టి తీసిన బిడ్డా! అందరి కండ్లు దాని మీదనే పడ్డయి. గుప్పెడు దొడ్డుప్పు మూడుసార్లు తిప్పిన. పొయ్యిల ఏద్దామంటే నీది గ్యాసు పొయ్యాయె. నీళ్లల్ల కరగనియ్యాలె గద, బకెట్‌ల చుక్క నీళ్లు లెవ్వు, నల్లా రేపొస్తదట. గిందుల్నే ఏసిన. సూడు, దిష్టి ఎంత తగిలిందో, నల్లగైపోయింది!"

ఉప్పు! బంగారు రేణువులు ఒకదాన్నొకటి దగ్గరికి రానీయకుండా ముఖాలు తిప్పుకుని ఉండే తోడికోడళ్ల లాంటివి. ఉప్పు పడితే ఆ పంతం విరిగిపోయి అన్నీ గుంపు కడతాయి. ఇదంతా నా రిపోర్టు పన్నెండో పేజీలో ఉంది. పన్నెండో పేజీ బాపమ్మకు చదివి వినిపించాలని నాకెందుకు తోచాలి?

"నా బతుకు ఆగం జేసినవ్!" అని అరిచాను. ఆమె మీద అంతకు ముందు ఎన్నడూ అరవలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. ముక్కులోని చీపురు పుల్లను సర్దుకుని, చాలా చిన్నగా అడిగింది.

"అయితే నా బంగారం సచ్చిపాయెనా బిడ్డా?"

నేను సీసాకు మూత బిగించి, అటు తిరిగి పడుకున్నాను. ఆ ప్రశ్న గుర్తొస్తే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తెల్లారి సీసాతో కాలేజీకి పోయాను, బాపమ్మ వెనకే వచ్చింది. నల్లటి నలుసంతా అడుగుకు చేరింది, పైన తేట నీళ్లు. పరీక్ష సారు సీసాను వెలుగులో పట్టి, "ఎరుపు ఏదమ్మా?" అన్నాడు. నేను చుక్క సారు వైపు చూశాను. తలుపు దగ్గర నిలబడ్డ బాపమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"సారూ, ఉప్పు ఏసింది నేను. మా పొల్ల తప్పు కాదు. మార్కులు తగ్గించేదుంటే నాయి తగ్గియ్యుండ్రి."

చుక్క సారు కిటికీ వైపు తిరిగాడు, నవ్వుతో భుజాలు కదులుతున్నాయి. పరీక్ష సారు కుర్చీ జరిపి ఆమెను కూచోబెట్టాడు. తరువాత నా వైపు తిరిగి, "ఉప్పుకే రంగు మారితే, ఏ ఉప్పటి బావి నీళ్లో పోస్తే, పత్తి మందు ఉన్నదని మీ పరీక్ష అబద్ధం చెప్పదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నేను నాలుగు నెలల్లో ఒక్కసారీ వేసుకోలేదు. నిన్న సాయంత్రం బాపమ్మ వేసింది. "చెబుతుంది సార్. ముందు నీళ్లలో ఉప్పెంతో చూసుకోవాలి. మా బావులవి తియ్యటి నీళ్లు గనుక బతికిపోయాను" అన్నాను.

"సరే, రంగెందుకు మారిందో నాకు కాదు, ఈ అమ్మకు చెప్పు" అన్నాడాయన.

చెప్పాను. "బాపమ్మా, బతుకమ్మ ఆడేటప్పుడు వాడకొక గుంపు దూరం దూరంగ ఆడితే ఒక తీరు వినబడతది. అన్ని గుంపులు ఒక్కటై ఆడితే పాట తీరే మారిపోతది గద? బంగారం మీద వెలుగు పడ్డప్పుడు గట్లనే. దూరంగ ఉన్నప్పుడు ఎరుపు, గుంపైతే నీలం. బంగారం సావలే. అంతా ఒక్కకాడికి జమైంది."

"గట్ల చెప్పరాదు నిన్ననే" అంది బాపమ్మ. పరీక్ష సారు నా రిపోర్టు మూసి, సంతకం పెట్టాడు.

అసలు సంగతి అవుసలాయన దగ్గర తెలిసింది. అడుగున చేరిన నలుసును వడగట్టి, కడిగి, వెలిగారం వేసి ఊదితే మూసలో పచ్చటి చుక్క మిలమిలలాడింది. "ఇది అడుక్కు దిగింది గనుక నీ చేతికొచ్చింది. ఎర్ర నీళ్లు ఎర్రగనే ఉంటే వడగడితే దొరికేదా?" అన్నాడాయన. నేను ఆలోచించకుండా ఇచ్చిన మాటను బాపమ్మ గుప్పెడు ఉప్పే నిలబెట్టింది. ముక్కుపుల్ల పాతదానికన్నా కొంచెం సన్నగా వచ్చింది. అద్దంలో చూసుకుని, "సన్నబడ్డది, నా లెక్కనే" అని నవ్వి, చీపురు పుల్లను తీసి అవుసలాయన చెత్తబుట్టలో వేసింది. నేను క్షమించమని అడిగాను. "దేనికి బిడ్డా?" అంది. నిజంగానే మరిచిపోయిందో, మరిచినట్టు నటించిందో ఇప్పటికీ తెలియదు.

ఆమె పోయి చాలా ఏళ్లైంది. పోయేముందు ముక్కుపుల్ల తీసి నాకిచ్చింది. "మరి మీ అవ్వ గుర్తు పట్టద్దా?" అని అడిగితే, "నా మనుమరాలు కరిగిచ్చింది, ఉప్పేసి తీసుకున్న అని చెప్త. గట్ల చెప్పేటిది నేను గాకపోతే ఇంకెవ్వలుంటరు?" అంది.

ఇప్పుడు ఏటా నా క్లాసు పిల్లలకు ఎర్ర నీళ్లు చూపిస్తాను. ఉప్పు చేతిలోకి తీసుకుని, ఎందుకో ఏమో, సీసా చుట్టూ మూడుసార్లు తిప్పి మరీ వేస్తాను. "మేడమ్, దిష్టి తీస్తున్నరా?" అని పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనీ. ఎరుపు నీలమయ్యేలోపు నా ఇంకో చెయ్యి ముక్కు మీదికి పోయి, పుల్ల ఉన్నదో లేదో చూసుకుని వస్తుంది.