సీటు వెనక అంటించిన కాగితం

గుండ్లపోచంపల్లిలోని మా ఇంటి నుంచి వేములవాడకు కారులో మూడున్నర గంటలు. పిల్లలున్నారు కాబట్టి నేను నాలుగు వేసుకున్నాను. నా పక్కన అక్క. వెనక మా అమ్మ, అక్క పిల్లలిద్దరూ. అమ్మాయి రెండో తరగతి, ఈ మధ్యే తెలుగు కూడబలుక్కుని చదువుతోంది. పిల్లవాడికి మూడో ఏడు, వేములవాడ గుడిలో పుట్టువెంట్రుకలు తీయించాలి.

మాలో మేనమామ పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. నాకున్నది ఒక్కడే మేనల్లుడు. వాడు ఏడవకుండా నా ఒడిలో కూర్చుంటే చాలు, ఆ రోజు నాకింకేమీ అక్కర్లేదు. కానీ కటింగ్ షాపు ముందు నుంచి నడిచినా వాళ్ళమ్మ కొంగులో దూరే రకం వాడు.

అందుకని జాబితా రాశాను. ఇరవై నిమిషాలకొకటి. ఒకటి, మరమరాలు. రెండు, స్టిక్కర్లు. మూడు, ఎదురొచ్చే లారీలు లెక్కపెట్టడం. అలా పది. పదకొండోది పెద్దవాళ్ళకు: గుండు మాట ఎత్తొద్దు. అమ్మకు సులువుగా ఉంటుందని తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాసి నా సీటు వెనక అంటించాను.

మేడ్చల్ దాటకముందే లెక్క తప్పింది. మరమరాల గిన్నె చేతికి అందిందో లేదో వాడు అడిగాడు. "తర్వాత ఏంది మామా?"

"ఇంకా పంతొమ్మిది నిమిషాలున్నయి."

"ఇప్పుడు?"

ఇరవై నిమిషాలకొకటి వస్తుందని ముందే చెప్పడం నా తప్పు. చేతిలో ఉన్నది ఏదైనా వాళ్ళకు రాబోయేదే కావాలి. నేను గడియారం, అద్దం, రోడ్డు చూస్తూనే ఉన్నాను.

"సీదా ముంగటకి చూడురా," అంది అమ్మ. "వెనక మేమున్నం గదా."

"వీనికి పిల్లలంటే గూడ ఆఫీసు పనేనే అమ్మా," అంది అక్క.

శామీర్‌పేట చెరువు చూపించడం కూడా జాబితాలో ఉంది. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. అక్కడికే పదిలో ఏడు అయిపోయాయి. తుర్కపల్లి దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఏమీ తోచక అమ్మాయి ఎదురుగా ఉన్న కాగితం చదవడం మొదలుపెట్టింది.

"ప... ద... కొండు. గుం... డు. మాట..."

"చదువకు బిడ్డా, కండ్లు తిరుగుతయి!" అక్క వెనక్కి తిరిగేసరికే ఆలస్యమైంది.

"గుండు ఎవలికి?" అన్నాడు వాడు.

అమ్మ మరమరాల గిన్నె వాడి ముందుకు జరిపింది.

"నీకే," అంది వాళ్ళక్క. "నాకు తియ్యలేదా, ఫోటోల ఉన్నది సూడు."

వాడు రెండు కాళ్ళతో నా సీటును తన్నడం మొదలుపెట్టాడు. "ఇంటికి పోదాం. మామ ఒద్దు. మామ ఒద్దు!"

బండ్లు కదలగానే కారు పక్కకు తీసి ఆపాను.

"రాసినోనివి నువ్వే, చెప్పుడు గూడ నువ్వే చెప్పు," అంది అమ్మ. "నేను ముంగట కూసుంటా."

"దిగు, నేను నడుపుతా," అంటూ అక్క తాళం అడక్కుండానే స్టీరింగు ముందుకు వచ్చేసింది.

నేను పిల్లల మధ్యలో ఇరుక్కున్నాను. నాకు కథలు చెప్పడం రాదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే మడిచాను.

"ఒకటి, నువ్వు నా ఒళ్ళె కూసుంటవు. రెండు, నేను కత్తెరతోటి కొంచెం జుట్టు కత్తిరిస్త. మూడు, నెత్తి మీద నీళ్ళు పోస్తరు, సల్లగుంటది. నాలుగు, కత్తి. గరగర అంటది. ఐదు, గంధం పూస్తరు."

"నొస్తదా?"

"కదిలితే నొస్తది."

అక్క అద్దంలోంచి నన్ను గుర్రుగా చూసింది.

"కదలకుంటే?"

"నొయ్యదు."

"నాకైతే చెవి కాడ మండింది," అంది అమ్మాయి.

"నువ్వు ఊకోవే!" అంది అక్క. కానీ పిల్లవాడు అప్పటికే నా మొహంలోకి చూస్తున్నాడు.

"నాలుగున్నర," అన్నాను. "చెవి కాడ జరంత మండొచ్చు."

వాడు మళ్ళీ వేళ్ళు చాపాడు. "మల్ల చెప్పు."

ప్రజ్ఞాపూర్ దాకా చెప్పాను. సిద్దిపేట దాకా చెప్పాను. ఒక నంబరు దాటేస్తే మోకాలి మీద కొట్టేవాడు. సిరిసిల్ల వచ్చేసరికి నా గొంతు ఎండిపోయింది. సంచిలో మిగిలిన మూడు వస్తువులను ఎవరూ అడగలేదు.

కల్యాణకట్టలో నేలంతా తడి, జనం తోపులాట, ఎక్కడ చూసినా పిల్లల ఏడుపులు. వాడు నా చొక్కా గుండీ గట్టిగా పట్టుకున్నాడు కానీ ఒడిలో కూర్చున్నాడు. క్షౌరం చేసే ఆయన తొందరలో ఉన్నాడు. నేను కత్తెర అందుకునే లోపే చెంబెత్తాడు.

వాడు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు! రెండు కాలే. ఫస్ట్ మామ!"

ఆయన నవ్వి చెంబు దించాడు. "నీ అల్లుడు పెద్ద సూపర్‌వైజర్ ఉన్నడు గదా, సార్!"

నేను కత్తెర వేశాను. కత్తి చెవి దగ్గరికి వచ్చినప్పుడు వాడు కళ్ళెత్తి వాళ్ళక్క వైపు చూశాడు. అమ్మాయి తల ఊపింది. వాడు కదల్లేదు.

గంధం పూశాక వాడు మడిచిన ఐదు వేళ్ళను చూసుకుని, రెండో చెయ్యి నా ముందుకు చాపాడు.

"ఆరు ఏంది మామా?"

ఆరోది నేను అనుకోలేదు. బయట కారు ఎండలో ఉంది. తిరిగి వెళ్ళడానికి ఇంకో నాలుగు గంటలు.