బాడిగకు వచ్చిన పేరు

మా నాయన పేరు పీర్ల మొక్కు పేరు. ఆయనకు ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే మా అవ్వ పీర్ల చావిడి ముందు నిలబడి, ఈ బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కుకుందట. మార్కాపురం వైపు ఇది వింతేమీ కాదు. మా వీధిలోనే సాయబుల పేర్లు పెట్టుకున్న హిందువులు మరికొందరు ఉండేవాళ్లు. నాయన పేరేమిటో నేనిక్కడ రాయను. రాయడానికి చెయ్యి రాదు.

అమ్మ నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. నాయన ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె చేత ఎలాగైనా చెప్పించాలని నేను వెంటపడేదాన్ని. "నీ మొగుని పేరేంది, చెప్పు చెప్పు" అని కొంగు పట్టుకుని లాగితే నవ్వేది. "మొగుని పేరు పలికితే ఆయన ఆయుసు తరుగుతాదే. నీకు నాయన వద్దా?" అనేది. నాయనేమో ఆ మాట విని ఇంకా రెచ్చగొట్టేవాడు. "ఒక్కసారి చెప్పు, ఎంత తరుగుతాదో చూస్తాం" అనేవాడు.

ఆయన పలకల గనిలో పని చేసేవాడు. యుద్ధం వచ్చాక పటాలంలో చేరిపోయాడు. బర్మా వైపు పోయాడన్నారు, తర్వాత తంతి వచ్చింది. శవం రాలేదు, ఒంటి మీది గుడ్డ ముక్క కూడా రాలేదు. పెద్దవాళ్లు అమ్మ గాజులు తీయించారు, బొట్టు చెరిపారు. అమ్మ ఏడవకుండా అన్నిటికీ ఒప్పుకుంది. ఆమె ఏడవలేదని నేనూ ఏడవలేదు.

కొన్నాళ్లకు సర్కారు పింఛను మొదలైంది. మేము తినే జొన్నలు అందులోంచే. సరుకులన్నీ కంట్రోలు అయి బయట ధరలు మండిపోతున్న కాలం కాబట్టి అది ఎటూ చాలేది కాదు. అందుకని వీధి వైపు గదిని బాడిగకు ఇచ్చింది అమ్మ. వచ్చింది కనిగిరి నుంచి ఒక సాయబు. మిషను కుట్టేవాడు, ఒంటరివాడు. నెరిసిన గడ్డం, నెమ్మది మనిషి. అమ్మ ఆయన్ను "మిషనన్నా" అని పిలిచేది. పేరు అడగలేదు, అడగాల్సిన పనీ పడలేదు.

ఆయన మిషను పెట్టిన మొదటి రోజే ఎవరో వీధిలో నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలిచారు. అది మా నాయన పేరు. అమ్మ చేట కింద పడేసి వాకిలి వైపు తిరిగింది. సాయబు లోపల్నుంచి "ఆఁ, వస్తాండా" అన్నాడు. అప్పుడు తెలిసింది మాకు, ఆయనదీ అదే పేరని. అమ్మ ఆయన్ను ఖాళీ చేయమంటుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. కిందపడ్డ జొన్నలు ఏరుకుంది, అంతే.

ఆ తర్వాత రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు మా వాకిట్లో వినపడేదో. పిలిచిన ప్రతిసారీ అమ్మ చేతిలో పని ఆగేది, తల వాకిలి వైపు తిరిగేది. భయమనుకున్నాను నేను. ఇంట్లో భయం కూడా అప్పటికే వచ్చి కూర్చుంది మరి.

దాన్ని తెచ్చి పెట్టింది పక్కింటి పెద్దమ్మ. "ఏంది అమ్మీ, గది బాడిగకు ఇచ్చినావంట? సర్కారోళ్లకు తెలిస్తే పింఛను పీకేస్తారు సూడు. బాడిగ తినేదానికి పింఛనెందుకంటారు" అంది. ఆ సాయంత్రం అమ్మ నన్నూ చెల్లెల్నీ దగ్గర కూర్చోబెట్టుకుంది. "బాడిగ అనే మాట మీ నోట్లోంచి రాగూడదు. ఎవరన్నా అడిగితే మామ అని చెప్పండి" అంది. సాయబుకు కూడా అదే చెప్పింది. "నువ్వు నాకు చెల్లెలివి కాదా ఏంది? అట్లనే చెప్తాలే" అన్నాడాయన.

నాకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. వీధి మొదట్లో టోపీ పెట్టుకున్న సర్కారు మనిషి కనిపిస్తే చాలు, ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. మామ, మామ అని లోపల్లోపల వల్లె వేసుకునేదాన్ని. చెల్లెలికి ఇంకా మాటలు వస్తున్న వయసు. రెండు మాటలూ కలిపి "బాడిగ మామ, బాడిగ మామ" అని పాట కట్టి ఎగిరేది. పరిగెత్తిపోయి దాని నోరు మూసేదాన్ని. అది ఆట అనుకుని ఇంకా గట్టిగా పాడేది. దాన్ని చంపేద్దామన్నంత కోపం వచ్చేది నాకు.

అనుకున్నంతా అయింది. ఒక మధ్యాహ్నం కచ్చేరీ నుంచి ఇనస్పెక్టరు పింఛను విచారణకు వచ్చాడు. సాయబు దారం కొనడానికి బజారుకు పోయి ఉన్నాడు. ఇనస్పెక్టరు మంచం మీద కూర్చున్నాడు. అమ్మ తలుపు చాటున నిలబడింది, నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"మీ నాయన పేరేంది పాపా?" అని అడిగాడు. చెప్పాను.

"ఆ మిషను ఎవరిది?"

"మామది."

"మామ పేరేంది?"

నోరు తెరిచాను. అప్పుడుగానీ వెలగలేదు నాకు, చెప్తే ఏమవుతుందో. అంతలో వీధిలోంచి ఎవరో, చొక్కా అయిందా లేదా అంటూ ఆ పేరే కేకేసి పిలిచారు.

అమ్మ తల వాకిలి వైపు తిరిగింది. ఇనస్పెక్టరు అది చూశాడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఎవర్ని పిలుస్తాండారు? చచ్చిపోయినాడని పింఛను తీసుకుంటా మొగుణ్ణి ఇంట్లో పెట్టుకున్నావా? దండులోంచి పారిపోయి వచ్చినాడా?"

"ఆ లోపల ఉండేవాని పేరు చెప్పు" అని గద్దించాడు. ఆమె ఎట్లా చెప్తుంది? తల అడ్డంగా ఊపింది. దాంతో ఆయన అనుమానం ఇంకా గట్టిపడింది. పింఛను పోవడం అటుంచి అమ్మను జైలుకే పట్టుకుపోతారనుకున్నాను.

దేవుడు పంపినట్టు సాయబు దారపు ఉండలతో వచ్చాడు. ఇనస్పెక్టరు ఆ నెరిసిన గడ్డం వైపు చూసి, పేరడిగి, ఊరడిగి, తండ్రి పేరడిగి, మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. నవ్వు కూడా వచ్చిందాయనకు. "ఈ వయసులో దండు నుంచి పారిపోయేదేంది నువ్వు" అన్నాడు. నాకు ఊపిరి వచ్చింది.

"సరే, బాడిగ ఇస్తాండావా?"

"లేదు సారూ. ఆమె నా చెల్లెలు."

ఇనస్పెక్టరు నవ్వు పోయింది. "బాడిగ లేకుండా ఆడమనిషి ఇంట్లో ఊరికే ఉంటాండావా? నేనేమని రాసుకోవాల? మారుమనువని రాసేదా?"

సాయబు "తోబా, తోబా" అంటూ చెంపలు వేసుకున్నాడు. మారుమనువు పోయిన ఆడదానికి పింఛను లేదని నాకూ తెలుసు. బాడిగ అంటే ఒక గొయ్యి, కాదంటే ఇంకా లోతైన గొయ్యి. అప్పుడు చెల్లెలు ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి సాయబు కాళ్లు చుట్టేసుకుంది. "బాడిగ మామా!"

అయిపోయిందనుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఇనస్పెక్టరు గొంతు మెత్తగానే వినపడింది. "దీనికా ఇంత దాచుకున్నారు? బాడిగ తీసుకో తల్లీ, నీ ఇల్లు నీది. ఈ పింఛను నీ లేమికి ఇచ్చేది కాదు, నీ మొగుడి ప్రాణానికి ఇచ్చేది. నాకు కావాల్సింది ఒక్కటే. నా మొగుడు ఫలానావాడు చచ్చిపోయినాడు, నేను మారుమనువు పోలేదు అని నీ నోటితో చెప్పు."

"ఆయన... లేడు" అంది అమ్మ.

"ఆయనంటే? ఆయన అని రాస్తే కాయితం ఒప్పుకోదు. పేరు పెట్టి చెప్పాల."

"నేను చెప్తా సారూ" అన్నాను.

"నువ్వు గాదు. ఆమె చెప్పాల."

అమ్మ నన్ను చూసింది, చెల్లెల్ని చూసింది. తలుపు చాటు నుంచి ఇవతలకు వచ్చింది. తర్వాత ఆ పేరు పలికింది. చచ్చిపోయినాడు అంది. మారుమనువు పోలేదు అంది. ఇనస్పెక్టరు రాసుకుని వెళ్లిపోయాడు. పింఛను నిలబడింది, బాడిగా నిలబడింది. పెద్దమ్మ వచ్చి గండం గడిచిందంది. నేనూ అలాగే అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి మిషను దగ్గరకు ఎవరో వచ్చి వీధిలోంచి పిలిచారు. అమ్మ వాకిలి వైపు తిరగలేదు. జొన్నలు చెరుగుతూనే ఉంది. సాయబు లోపల వినిపించుకోలేదు కాబోలు, పలకలేదు. అమ్మే చెరగడం ఆపకుండా పిలిచింది. మిషనన్నా అనలేదు. నాయన పేరుకు అన్నా అని చేర్చి, "నీ కోసం ఎవరో వచ్చినారు చూడు" అంది.

పిలుపు వినపడినప్పుడల్లా అమ్మ తల తిరిగింది భయంతో కాదని అప్పుడు తెలిసింది నాకు. తంతి వచ్చిన రోజు నేను ఏడవలేదని చెప్పాను కదా. అప్పుడు ఏడ్చాను.