పదకొండోది

"ఆ కాగితం నా కళ్ళ ముందు ఊపకురా వజ్దీ. మడిచి జేబులో పెట్టుకో."

షకీబ్ చేనుకి వెళ్ళే దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనక రాతికట్టల మీద ఆలివ్ కాయలు నల్లబడి రాలుతున్నాయి. కొడుకు చేతిలో ఉన్నది మందుపాతరలు తీసే ఆఫీసు ముద్రేసిన కాగితం: నేల శుభ్రం, కోతకి దిగొచ్చని.

"పనివాళ్ళు పొద్దుట్నుంచీ నిలబడి ఉన్నారు నాన్నా. మిషన్ పెట్టి గజం గజం వెతికారు. పది తీశారు. ఇంక లేవన్నారు."

"తన్నూస్ పదకొండన్నాడు. మీ చిన్నాన్న తొక్కింది కాక."

"చిన్నాన్న పాదం పోయింది ఆ మనిషి పాతినదాని వల్లే కదా. ఆఫీసు మాట కంటే అతని మాట ఎక్కువైందా?"

"ఎక్కువే. ఆఫీసువాడు మిషన్ని నమ్మాడు. వీడు తన చేత్తో పెట్టాడు."

కింది పట్నం నుంచి నెలకోసారి వచ్చి షకీబ్ కబుర్లు వినే మనిషి పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. షకీబ్ అతని వైపు తిరిగి, "చెప్పు వీడికి, ఆ రోజు ఏం జరిగిందో" అన్నాడు. చెప్పనివ్వకుండా తనే అందుకున్నాడు.

షూఫ్ కొండల్లో యుద్ధం నాడు ఈ లోయకి అటు తన్నూస్ వాళ్ళ క్రైస్తవ దళం, ఇటు షకీబ్ వాళ్ళ ద్రూజు మతస్థుల దళం. ఒక వారం పాటు ఈ చేను అటువాళ్ళ చేతిలో ఉంది. మందుపాతరలు పాతిందప్పుడే. యుద్ధం ముగిసి పాతికేళ్ళయ్యాక, ఆరేళ్ళ కిందట, తన్నూస్ ఒక్కడే నడుచుకుంటూ ఈ గుమ్మంలోకొచ్చాడు. "నీ చేలో నేను పెట్టినవి పదకొండున్నాయి" అనీ అనకముందే షకీబ్ మూతి మీద గుద్దాడు. తన్నూస్ నెత్తురు తుడుచుకుని, "అయిందా? ఇంకోటి కొట్టాలంటే కొట్టు. తర్వాత రా, మతిమరుపు రాకముందే చూపిస్తా" అన్నాడు. ఆ రోజు షకీబ్ అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కానీ అతను వేలు చూపించిన చోట్ల, మూరెడు అటూ ఇటూగా, ఆఫీసువాళ్ళకి పదీ దొరికాయి.

మధ్యాహ్నానికి తన్నూస్ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"పదకొండోది పై కట్ట మూలన పెట్టానయ్యా. నాకు బాగా గుర్తు."

"ఆ మూలెక్కడుంది? నువ్వు రాకముందే, మంచు పడ్డ ఏడు కూలిపోయింది. నేనే మళ్ళీ కట్టాను."

"ఎటు కూలింది?"

షకీబ్ గోడలు కట్టినవాడు, ఎటు కూలిందో తలుచుకున్నాడు. రాళ్ళు తిన్నగా దొర్లాయి. మన్ను మాత్రం నీళ్ళతో పాటు ఎడమకి జారి, కింది మడిలో అంజూరపు చెట్టు మొదట్లో ఆగింది; పదకొండోది ఉంటే అందులోనే ఉండాలి. ఆ మన్ను మీద మిగిలిన రాళ్ళన్నీ కుప్పపోసింది అతనే. ఆఫీసువాళ్ళు తాడు కట్టింది పై మడికే. ఏటా పనివాళ్ళు రొట్టెలు తినేది ఆ కుప్ప మీద కూర్చునే.

వజ్దీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గాడిదా," షకీబ్ తన్నూస్ మీద విరుచుకుపడ్డాడు, "మూలన ఎందుకు పెట్టావురా?"

"మేం ఈ చేను పట్టుకోకముందు అక్కడ్నుంచేగా రోజూ మా మీద కాల్చేవాడివి. నీకు గురి లేదు గానీ పంతం ఉండేది. మళ్ళీ ఆ మూలకే వస్తావనుకున్నా."

"వచ్చేవాణ్ణే."

ఆఫీసుకి ఫోన్ చేస్తే, పాత పని ముగిసింది, కింది మడికి కొత్తగా అర్జీ పెట్టుకోండి, వానలు వెళ్ళాక చూస్తామన్నారు. షకీబ్ ఫోన్ కొడుకు చేతిలో కుక్కి, పనివాళ్ళని పంపించేశాడు. ఈ ఏడు నూనె లేనట్టే. లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి తన పక్కన వేశాడు. ఒకే గిన్నెలోంచి వంతులవారీగా గొట్టాంతో పీల్చే మాటే ఆకు కషాయం తను తాగి, ఆ గొట్టాం కొసని నిమ్మతొక్కతో రుద్ది తన్నూస్‌కి ఇచ్చాడు.

"నువ్వు కిందికేగా వెళ్ళేది," అన్నాడు బండ మీది మనిషితో. "ఆ ముద్ర వేసినవాడి బల్ల ముందు నిలబడి చెప్పు. పెట్టినవాడూ, తెలీక దాని మీద రాళ్ళు కుప్పపోసినవాడూ దారి మీద కూర్చున్నారు, నువ్వొచ్చేదాకా లేవరు అని. మెల్లగా చెప్పకు. తిరిగొచ్చేటప్పుడు తన్నూస్ ఇంట్లో మోకాళ్ళ నొప్పుల మందుంటుంది, అడిగి పట్టుకురా. కుర్చీలో బిగుసుకుపోతే వీణ్ణి లేపలేక చావాలి నేను."