హెడ్డుగారి రెండేండ్లు

ఇది కక్షలు, తుపాకులు, వీరుల కథ. అట్ల చెప్తే చదువుతారని చెప్పినా. నిజానికి ఆ మూడు నెలల్లో మేం ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఆ పోలీసు ఉద్యోగం మానేసి నాకు చానాళ్లయింది గాబట్టి నిజం చెప్తే నష్టం లేదు.

మార్చి మొదట్లో, పొద్దున పది గంటలకు, నంద్యాల వ్యాను మమ్మల్ని ఆళ్లగడ్డ అవతల నల్లరేగడిలో ఒక ఊర్లో దించింది. ఊర్లో రెండు పార్టీలు. పడమటి వీధి మనుషులు తూర్పు వీధిలోకి రాకూడదు. అదీ ఆర్డరు. నలుగురం, మూడు తుపాకులు, తుపాకికి పది గుండ్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. పాడుబడిన గోడౌన్‌లో మకాం. మధ్యాహ్నం తుపాకీ గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలేది.

“ఏమన్నా విశేషమా? ఓవర్,” అని రెండు గంటలకోసారి సెట్టు అడిగేది.

“చెమట. ఓవర్,” అనేవాణ్ణి.

మా హెడ్డు కానిస్టేబులు తెల్లోళ్ల కాలంలో చేరిన మనిషి. రికార్డు ప్రకారం మే ఆఖరుకు యాభై ఐదు నిండుతాయి, రిటైర్ కావాల. అసలు వయసు యాభై మూడే.

“చేరేటప్పుడు నాకు పదారేండ్లప్పా. దొర టేపు పెట్టి రొమ్ము కొలిచినాడు. ఊపిరి బిగబట్టినా. వయసెంతరా అంటే పద్దెనిమిదన్నా. రాసుకున్నాడు.”

“మళ్లా ఊపిరి ఎప్పుడు వదిలినావన్నా?”

“ఇంగా వదల్లేదు పో.”

హెడ్డు కూతురు టీచర్ ట్రైనింగులో ఉంది. ఇంకా రెండేండ్లు చదవాల. ఆ రెండేండ్ల సర్వీసే ఆయనకు కావాల్సింది. అవుకు పక్కన సొంతూరి చర్చి అయ్యగారిని అడిగి బాప్తిస్మం రిజిస్టరు నకలు తెప్పించినాడు. పుట్టిన తేదీ అందులో ఉంది. రికార్డులో వయసు సరిచెయ్యమని అర్జీ నేను రాసినా. టేపు, దొర, ఊపిరి, అన్నీ పెట్టినా. హెడ్డు కింద సంతకం చేసినాడు.

శనివారం టపా తెచ్చిన స్టేషన్ రైటర్ అది చదివినాడు.

“ఎవరప్పా రాసింది?”

“నేనే,” అన్నా, మెడల్ ఇస్తాడేమోనని.

“దొంగ వయసు చెప్పి ఉద్యోగంలో చేరినానని ఈయనతోనే సంతకం పెట్టిచ్చినావు గదరా! ఇది పైకి పోతే పెన్షన్ గూడా పోతాది.”

“తేదీ ఒక్కటే మార్చమని రాస్తే?” అని అడిగినా.

“పదారేండ్లోనికి ఉద్యోగం ఎట్లొచ్చిందని అడగరా?”

హెడ్డు అర్జీ తీసుకొని నాలుగు ముక్కలు చేసినాడు. నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “డ్యూటీ టైమైంది, లెయ్యండి,” అన్నాడు. నేను తుపాకి అందుకున్నా.

మే ఆఖర్న నంద్యాల తిరిగొచ్చినాం. సర్కారు సామాను సర్కారుకే. టోపీ, బెల్టు, లాఠీ, బూట్లు హెడ్డు స్టోర్సులో అప్పజెప్పినాడు. చెప్పులు తెచ్చుకోవాలని ఆయనకు తట్టలేదు. మిట్టమధ్యాహ్నం, కాలే రోడ్డు మీద, బస్టాండు దాకా ఉత్తకాళ్లతో పోయినాడు. నల్లటి మనిషికి తెల్లటి పాదాలు, వేరే ఎవరివో మాదిరి. అప్పుడు గూడా పరేడు అడుగే. ఆ పాదాలు నాకు ఇంగా కనపడతానే ఉంటాయి.

సోమవారం ఆ బూట్లు నాకిచ్చినారు. ఒక సైజు పెద్దవి. ముందర గుడ్డ కుక్కుకున్నా.