ఈసారి మీ సంగతి చెప్పమన్న మేడం

మేడం పోయిందన్న కబురు దవాఖాన ఆయమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పుడు నేను మగ్గం మీద ఉన్నాను. మా బిడ్డ ఫోన్ పట్టుకొని "ఎప్పుడు? ఎట్ల?" అని మాత్రం అడిగి, నా పక్కకు వచ్చి కూర్చుంది. "బాపూ, మన మేడం లేదట. గుండె ఆగిందట. మక్తల్ దిక్కు వాళ్ల ఊరికి తీస్కపోతున్నరట" అంది. నేస్తున్న చేయి ఆగిపోయింది.

చదివే మీకు ఆమె ఎవరో చెప్పాలి. మనసు బాగాలేనివాళ్లతో మాట్లాడి దారికి తెచ్చే కౌన్సిలర్. నల్లగొండలో ఒక దవాఖానలో చేసేది. నేను ఏడో తరగతితో చదువు ఆపి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ణి, పెద్ద మాటలు రావు. కానీ ఈ రోజు నా బిడ్డ మళ్లీ బడికి పోయి పిల్లలకు లెక్కలు చెప్తున్నదంటే, ఇంటికొచ్చి "గోళీలేస్కున్నవా, అబద్ధమాడకు" అని నన్ను గద్దిస్తున్నదంటే, అది ఆ తల్లి పుణ్యం. ఆ గద్దింపు వింటుంటే నాకు కడుపు నిండిపోతుంది. "ఏందన్నా, నీ బిడ్డ గట్ల ఒర్రుతాంది?" అని పక్కింటామె అడిగితే, "ఒర్రనియ్యి చెల్లే, నీకేం నొప్పి" అంటాను. ఆ నోట మాట లేని రోజులు నేను చూశాను.

కరోనా కాలంలో నా భార్య పోయింది. దవాఖానకు తీసుకుపోయింది మా బిడ్డే. తిరిగి ఇంటికి తేనియ్యలేదు, ముఖం చూడనియ్యలేదు. అప్పటి నుంచి బిడ్డ మాట పడిపోయింది. బడి మానింది. అన్నం పెడితే తిన్నది, లేకపోతే లేదు. పట్నంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, "తండ్రి బయట కూర్చోవాలి, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి" అన్నాడు. ఆయన చదువు ప్రకారం అది మంచి పద్ధతే అయి ఉంటుంది. నేను బయటికి వచ్చిన నిమిషానికే బిడ్డ ఏడ్చుకుంటూ నా వెనకే వచ్చేసింది. మా ఇండ్లల్లో ఆడపిల్లను తెలియని మనిషి ముందు ఒక్కదాన్నే కూర్చోబెట్టడం లేదు. ఆమెకు అది వైద్యంలా అనిపించలేదు, పోలీసు ఠాణాలా అనిపించింది.

మేడం నన్ను బయటికి పొమ్మనలేదు. మొదటి రోజు నేనే అలవాటు కొద్దీ అడిగాను, "మీరెక్కడోళ్లు మేడం, మీరేమోళ్లు?" అని. మా దిక్కు ఎదుటి మనిషి ఊరూ కులమూ తెలియంది ఇంటి మాట నోట్లోంచి రాదు. ఆమె నవ్వింది.

"మా చదువుల మా సంగతి చెప్పొద్దంటరు బాపూ. కానీ గీడ ఎవలో తెలువని మనిషికి ఎవలు చెప్తరు? మాది మక్తల్ దిక్కు. గుంటెడు భూమి లేదు. అమ్మా నాయిన బొంబాయిల మట్టి పని చేసి నన్ను చదివిచ్చిండ్రు. ఆదివారం గుడికి కాదు, చర్చికి పోతం. ఇగ మీరడిగిండ్రు, నేను చెప్పిన. ఇప్పుడు నేనడుగుత."

అంత సూటిగా ఎవరూ చెప్పుకోరు. చదువుకొని కుర్చీలో కూర్చున్నాక అసలే చెప్పుకోరు. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

కానీ బిడ్డ మాట్లాడలేదు. మేడం ఆమెను అడిగితే నేను జవాబు చెప్పేవాణ్ణి. నిద్ర పడుతుందా అంటే "పడతలేదు మేడం" అని నేనే. ఆకలవుతుందా అంటే అదీ నేనే. అట్లా కొన్ని వారాలు గడిచాక ఒకనాడు మేడం ఇంకో సంగతి అడిగింది.

"మీ ఇంట్ల ముచ్చట్లు ఎప్పుడు పెట్టుకుంటరు బాపూ?"

"మగ్గం కాడనే మేడం. నేను నేస్త, మా ఆమె నూలు కండెలు చుట్టేది, ఈమె పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేది."

"ఒకల మొఖం ఒకలు చూస్కుంటరా?"

"చూస్తే పోగు తెగదా?"

మేడం చాలాసేపు నవ్వింది. తర్వాతి వారం మేము పోయేసరికి బల్ల మీద పేపరు పరిచి, చిక్కుడులాంటి అనపకాయలు కుప్ప పోసింది. మేడం వాళ్ల పాలమూరు దిక్కు చలికాలం ఇంటింటా అవే. "మా నాయిన కూలికి పోయిన చేన్లకెళ్లి పంపిండు, జర ఒలిచి పెట్టుండ్రి" అంది. ఆయమ్మ తొంగి చూసి, "ఇది దవాఖానా, కూరగాయల మార్కెటా మేడం?" అంది. "నువ్వు కూడ ఒక మూకుడు తెచ్చుకొని కూసో" అంది మేడం.

ముగ్గురం కాయలు ఒలుస్తున్నాం. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మా బిడ్డ తల ఎత్తకుండానే అంది, "నేనే తీస్కపోయిన అమ్మను. ఇంట్ల ఉంచితే ముఖమన్న చూస్తుంటిమి."

"గట్లనకు బిడ్డా, నువ్వేం చేసినవ్" అని మొదలుపెట్టాను. మేడం నా వైపు కూడా చూడలేదు. "కాయలు ఒలువుండ్రి బాపూ" అంది మెల్లగా. నేను నోరు మూసుకొని ఒలిచాను. బిడ్డ చెప్తూ పోయింది. ఆ చలికాలమంతా మేము అనపకాయలే ఒలిచాం. అవి అయిపోయినాక చింతపండు గింజలు తీశాం. ఎండాకాలం పోయి బడులు తెరిచేనాటికి మా బిడ్డ చీర కట్టుకొని బడికి బయల్దేరింది.

ఇక నా బాధంతా ఇప్పుడు చెప్పబోయే సంగతి గురించే. చివరి రోజు సెలవు తీసుకుంటుంటే మేడం నన్ను ఆపింది. "ఇన్నొద్దులు బిడ్డ సంగతి చెప్పిండ్రు. ఈసారి మీ సంగతి చెప్పాలె బాపూ. ఆమెకు అమ్మ పోయింది, మీకు భార్య పోయింది గద." నేను "వస్త మేడం" అన్నాను. పోలేదు. తర్వాత దవాఖానకు వేరే పని మీద పోయినప్పుడు కనిపిస్తే, "కాయలు రెడీగున్నయి, మీరే రాలె" అంది. పెళ్లిళ్ల సీజను, షావుకారుకు చీరలు ఇయ్యాల్సి ఉంది, మోకాళ్లు పట్టుకుంటున్నాయి అన్నాను.

అవేవీ అసలు మాట కాదు. బిడ్డతో పోతే నేను తోడు పోయిన తండ్రిని. ఒక్కణ్ణే పోతే ఆ తలుపు ముందు నేనే రోగిని. ఇంత వయసు మగవాడు, నేతపని శాలోళ్ల పెద్దమనిషి, భార్యను తలుచుకొని పరాయి మనిషి ముందు కూర్చుంటే ఊరు ఏమంటుంది? మేడంకు ఈ భయం కూడా తెలుసు, అందుకే ఎన్నడూ బలవంతం చేయలేదు. పిలిచి ఊరుకునేది. ఎప్పుడైనా పోవచ్చులే అనుకున్నాను. నాకంటే ఎంతో చిన్నది, ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

కబురు విన్న పూటే నేనూ బిడ్డా బస్సెక్కాం. దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్, అక్కడి నుంచి మక్తల్. మేము చేరేసరికి మట్టిలో పెట్టి అందరూ ఇంటి ముందుకు వచ్చారు. షామియానా కింద ఒక ముసలాయన వచ్చినవాళ్లకు నీళ్లిప్పిస్తున్నాడు, దూరం నుంచి వచ్చినవాళ్లను తిన్నారా అని అడుగుతున్నాడు. కండ్లు పొడిగా ఉన్నాయి. ఎవరో చెప్పారు, ఆయనే మేడం తండ్రి అని.

"యాడికెళ్లి వచ్చిండ్రు అన్నా?" అన్నాడు నా దగ్గరికొచ్చి.

"నల్లగొండ. మీ బిడ్డ నా బిడ్డను నిలబెట్టింది."

ఆయన తలూపి, ఒక కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం ఎదురుగా ఉన్న కందిచేను చూస్తూ కూర్చున్నాం. ఓదార్పు మాట ఒక్కటన్నా చెప్పాలి కదా అని నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే మాట.

"మా ఆమె పోయినంక నాకు రంగులు తెలుస్తలేవు అన్నా. చీరకు ఏ రంగు పక్కన ఏది పెట్టాల్నో ఆమెనే చెప్పేది. అప్పటికెళ్లి కొత్త రంగు పెట్టలె. ఆమె చెప్పిపోయిన రంగులే మల్ల మల్ల నేస్తున్న. షావుకారు నాకు చాతగాక అనుకుంటున్నడు. ఎవలికి చెప్పలె."

ఆయన చేను మీది నుంచి చూపు తిప్పలేదు. అట్లాగే చూస్తూ అడిగాడు, "ఆమెకు ఏ రంగంటే ఇష్టముండె?"

మేడం అయితే సరిగ్గా అదే అడిగేది. నాకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే చెప్పాను. నెమలికంఠం రంగు గురించి, దాని పక్కన వక్కరంగే పెట్టాలని ఆమె నాతో పెట్టుకున్న కొట్లాట గురించి చెప్పాను. ఆయన కూడా ఎప్పుడు మొదలుపెట్టాడో, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. చిన్నప్పుడు బొంబాయిలో ఇసుక కుప్ప మీద పడుకునే తన బిడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆఖరి బస్సు వేళయిందని మా బిడ్డ వచ్చింది. మమ్మల్ని చూసి, పిలవకుండానే వెనక్కి తిరిగింది. టెంట్ హౌస్ ఆయన ఆటోలో కుర్చీలు సర్దుతున్నాడు. బిడ్డ పోయి ఆయనతో ఏదో అన్నది. ఆయన షామియానా విప్పుకొని, కుర్చీలన్నీ ఎత్తుకొని, మేమిద్దరం కూర్చున్నవి రెండూ అక్కడే వదిలి ఆటో కదిలించాడు.