ఏడో అధ్యాయంలోని అమ్మాయి

పక్కింటి గరాజ్ తలుపు లేస్తోంది. మోటారు గుర్రుమంటుంది, మధ్య గోడలో సన్నగా వణుకు పుడుతుంది, కీబోర్డు మీద నా వేళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. నా ఇంటి తాళంచెవి ఇంకెవరి దగ్గరా లేదని నాకు తెలుసు. అయినా ఆ చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టుకునే కూర్చుంటాను. తర్వాత వకుళ గారు గుర్తొస్తారు. నా డిటెక్టివ్ నవలని ఆవిడ దయాదాక్షిణ్యాలు లేకుండా చదివారు. ఈ రోజు తలుపు వేసుకుని నా పాటికి నేను రాసుకోగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో, శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీలోని ఓ చిన్న గదిలో నలుగురం కలిసి, రాసుకున్నవి చదువుకునేవాళ్ళం. అందరికన్నా పెద్ద వకుళ గారు. ఇన్సూరెన్స్ క్లెయిముల్లో ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కార్ల కంపెనీ ఇంజనీరు సందీప్ దెయ్యాల కథలు రాసేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన నిఖిల తన తెలుగు మెరుగవుతుందని వచ్చేది. వకుళ గారు పెట్టిన నియమం ఒకటే. మిగతావాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్ళు నోరెత్తకూడదు. "పుస్తకంతో పాటు మీరు కూడా పాఠకుల ఇంటికెళ్ళి కూర్చుంటారా, వివరించడానికి?" అనేవారు. ఆవిడకి మొహమాటం లేదు. నా మొదటి అధ్యాయం చదివి, "మీ డిటెక్టివ్‌కి ఆకలీ నిద్రా లేవా? ఇస్త్రీ చొక్కాలా ఉన్నాడు" అని తీసిపారేశారు. ఇంటికెళ్ళి ఉక్రోషంతో మొత్తం తిరగరాశాను. నిజంగానే బాగుపడింది.

ఏడో అధ్యాయంలో ఒక అమ్మాయి వస్తుంది. హత్య చేసింది తన భర్తేనని ఆమెకి తెలుసు. గరాజ్ తలుపు చప్పుడు వినగానే తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడుస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ శనివారం సందీప్ కాగితాలు బల్ల మీద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఈమె క్యారెక్టర్ నాకు అస్సలు సెట్ కాలే అక్కా. ఫోన్ చేతిలనే ఉంది, కార్ బయటనే ఉంది. ఎందుకు పోదు? ఎవరు నమ్ముతరు?"

"అవును, షి కెన్ జస్ట్ కాల్ నైన్ వన్ వన్, రైట్?" అంది నిఖిల. "పోలీసులు వస్తారు కదా. నాకు కూడా అర్థం కాలేదు ఆంటీ."

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు. మాట్లాడమన్నా నా వల్ల అయ్యేది కాదు. నా కారు కూడా బయటే ఉంది. ఇంటికెళ్ళగానే నా భర్త మీటరు చూస్తాడు. లైబ్రరీకి వెళ్ళొచ్చే దూరం కన్నా ఒక్క మైలు ఎక్కువ తిరిగినా ఏం జరుగుతుందో నాకు తెలుసు. నేను ఎక్కడున్నానో అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. నా పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంది, నా వీసా అతని ఉద్యోగానికి ముడిపడి ఉంది.

వకుళ గారు మాత్రం స్నో పెద్దదయ్యేలా ఉందని వాళ్ళిద్దరినీ పంపించేసి, తలుపు దగ్గరికి వేసి, తన నియమాన్ని తనే తప్పి, రాసిన నన్నే అడిగారు.

"మీ డిటెక్టివ్ ఊరంతా తిరుగుతాడు, ఒక్కసారి కూడా మీటరు చూడడు. ఈ అమ్మాయి పాలు తేవడానికెళ్ళినా చూసుకుంటుంది. ఎందుకని?"

నేను కాగితాలు సంచీలో సర్దడం మొదలుపెట్టాను.

"ఆ అమ్మాయి ఇవాళ ఇంటికెళ్తుందా?"

"వెళ్ళాలి ఆంటీ. లేటైతే ఊరుకోడు."

"కొడతాడా?"

తలూపాను. ఆ సంగతి ఇంకొకరి ముందు ఒప్పుకోవడం అదే మొదలు.

"నువ్వు రాసింది చదువుతాడా?"

"ప్రతి పేజీ."

"అయితే ఈ అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చకు. కాగితం మీద ఆ అమ్మాయి అక్కడే ఉండనీ. మిగతా రివిజన్ మనం నోటితో చేద్దాం."

ఆ చలికాలమంతా అదే పని. ఆడవాళ్ళకి సాయం చేసే సంస్థ ఒకదానితో ఆవిడే మాట్లాడి, వాళ్ళు చెప్పింది నాకు చెప్పేవారు. మిగతా ఇద్దరూ వెళ్ళిపోయాక నేను ఇల్లు వదిలి వెళ్ళే ప్లాన్‌ని కథలాగే చీల్చి చెండాడేవారు. "పాస్‌పోర్టు తాళంలో ఉంటే నీ కథ గడప దాటదు. ఇంకోటి ఆలోచించు." నా డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూవల్ దగ్గర పడుతోందని, దానికి పాస్‌పోర్టు కావాలని నాకు తట్టింది. "ఇది నమ్ముతాడు" అన్నారు. ఆవిడ అలా మెచ్చుకున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ప్రతిసారీ ఇంటికి వెళ్ళేటప్పుడు, ఇదంతా నా మొహంలో కనిపించేస్తుందేమోనని చచ్చేంత భయం.

రెన్యూవల్ కోసమని అతను పాస్‌పోర్టు తీసి ఇచ్చిన మర్నాడు పొద్దున, అతను ఆఫీసుకి బయల్దేరాక ఫోన్‌ని వంటగట్టు మీద వదిలేసి సంచీ భుజాన వేసుకున్నాను. వీధి చివర వకుళ గారి కారు ఆగి ఉంది. అంతలో గరాజ్ తలుపు లేచింది. సంచీని సోఫా వెనక్కి తోసి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆఫీసు బ్యాడ్జి మర్చిపోయాడట. నా భుజం మీదుగా తెర వైపు చూసి, "ఇంకా ఆ ఏడో చాప్టరేనా?" అన్నాడు.

"సరిగ్గా కుదరట్లేదండీ."

నవ్వి వెళ్ళిపోయాడు.

వీధి చివరికి ఎలా నడిచానో గుర్తులేదు. కారెక్కాను గానీ వకుళ గారు బండి కదల్చలేదు. స్టీరింగ్ మీద ఆవిడ చేతులు గడగడ వణుకుతున్నాయి. అన్నాళ్ళుగా నేను చూసిన మనిషి కాదు.

"వాడి కారు వెనక్కి రావడం చూశానే. నన్నూ చూస్తాడేమోనని గేరు కూడా వేశాను, వెళ్ళిపోదామని. ఒక్క నిమిషం ఆగు, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

ఆ నిమిషం గడిచాక కారు కదిల్చి, ఆ సంస్థవాళ్ళు నడిపే షెల్టర్‌కి నన్ను చేర్చారు.

వకుళ గారు పోయిన ఏడాది కాలం చేశారు. మిగిలిన ముగ్గురం ఇప్పుడు వీడియో కాల్‌లో కలుస్తున్నాం. ఏడో అధ్యాయంలోని అమ్మాయి ఇప్పుడు ఇల్లు దాటుతుంది, ఓ పెద్దావిడ ఆమె కోసం కారులో ఎదురుచూస్తుంది. మొన్న సందీప్ ఆ పేజీల దగ్గర ఆగాడు. "అమ్మాయి మంచిగ కుదిరింది అక్కా. కానీ ఆ పెద్దావిడకు అసలు భయమే లేదు. గట్ల ఎవరుంటరు?" వకుళ గారి మీది ప్రేమ కొద్దీ కథలో ఆవిడలోని భయమంతా తుడిచేశానని అప్పుడు తెలిసింది. ఇవాళ ఆ పేజీ తీసి ఆవిడ చేతులు వణికించాను, గేరు వేయించాను. నా భయం పోలేదు, పోతుందని అనుకోవడం కూడా మానేశాను. అంత భయపడుతూ కూడా ఆవిడ నా కోసం అక్కడే ఉన్నారు.